ఏ దేశం బావుందన్నవాళ్లకి జవాబు, దారి చూపినవాళ్లకి దణ్ణం

అందరికీ నమస్కారమండి. సింగపూర్‌లో మొదలుపెట్టి ఉజ్బెకిస్తాన్‌లో బుఖారా దాకా విమానం ఎక్కకుండా, బస్సులూ రైళ్లూ పట్టుకుని చేసిన ప్రయాణం పూర్తయింది. ఇద్దరం క్షేమంగా ఇల్లు చేరాం. మధ్యలో మలేషియా, థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం, చైనా, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్. మొత్తం తొమ్మిది దేశాలు. అమలాపురంలో టీ కొట్టు దగ్గర్నుంచి పెళ్లిబంతి దాకా ఎక్కడ కనబడినా అందరూ అడుగుతున్నది ఒకటే: "ఇంతకీ ఏ దేశం బావుందండి?"

ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇద్దరికీ కలిపి వియత్నాం. విడివిడిగా అడిగితే ఒకరిది ఉజ్బెకిస్తాన్, ఇంకొకరిది కిర్గిజ్‌స్తాన్. ఈ మాట పోట్లాట లేకుండా తేలిందంటే ఆ పుణ్యం ద్రాక్షారామం లెక్కల మాస్టారిది. అందుకే మొదటి దణ్ణం ఆయనకి.

బయల్దేరే ముందు ఆయన రెండు నోటుపుస్తకాలు ఇచ్చి, ఒకరి పుస్తకం ఒకరు చూడకూడదని షరతు పెట్టారు. రోజూ పడుకునేముందు నాలుగు గళ్లు నింపాలి: తిండి, దారి, మనుషులు, ఒంటికి పడిందా లేదా. ఒక్కోదానికి పదికి మార్కులు. ఖర్చుకి మాత్రం మార్కులు వెయ్యొద్దన్నారు, రూపాయల్లో అంకె రాయమన్నారు. చవగ్గా దొరికిన చోట మనిషి చెయ్యి మిగతా గళ్లలోనూ ధారాళంగా మార్కులు వేసేస్తుందట, నిజమే. సరిహద్దు దాటిన రోజు, జ్వరమో విరేచనాలో పట్టుకున్న రోజు అంకె చుట్టూ సున్నా చుట్టాలి. చివర్లో కూడేటప్పుడు ఆ రోజులు తీసెయ్యాలి. అయిదు రోజులైనా ఉండని దేశాన్ని లెక్కలోకి రానివ్వకూడదు. సింగపూర్ అలాగే పోయింది.

అసలు కిటుకు కూడికలో ఉంది. ఒక దేశానికి ఒకరు 9, ఇంకొకరు 4 వేశారనుకోండి, సగటు ఆరున్నర. ఇంకో దేశానికి ఇద్దరూ ఆరేసి వేశారు, సగటు ఆరు. సగటు ప్రకారం మొదటిదే గొప్ప. కానీ ఆ దేశంలో ఒకళ్లు నెలంతా పళ్లు బిగబట్టుకు తిరిగినట్టు లెక్క. అందుకని జంటకి సగటు పనికిరాదు, ఇద్దరిలో ఎవరు తక్కువ వేస్తే అదే ఆ దేశం మార్కు. అప్పుడు మొదటిది నాలుగుకి దిగిపోతుంది, రెండోది ఆరు దగ్గరే నిలబడుతుంది. ఈ పద్ధతిలో వియత్నాం ఒక్కటే ఏ గడిలోనూ ఏడు కిందికి దిగలేదు. రాత్రికి రాత్రే రాయకపోతే ఏమవుతుందో కూడా మాస్టారు ముందే చెప్పారు: ఇంటికొచ్చాక గుర్తు మీద వేస్తే చివరి దేశానికి మార్కులు పెరిగిపోతాయి, మధ్యలోవి మసకబారతాయి.

జిరాక్స్ షాపు తమ్ముడికి రెండో దణ్ణం. ఫొటోల కొలతలు దేశానికో రకం. చైనా వీసాకి 33 మిల్లీమీటర్లు వెడల్పు, 48 ఎత్తు. వియత్నాంకి 4 సెంటీమీటర్లకి 6. ఒకే ఫొటోని సాగదీసి పంపితే మొహం సాగి తిరిగొస్తుంది, అందుకని దేనికది విడిగా కత్తిరించి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. అంతకన్నా పెద్ద మేలు పేర్ల సంగతి. మన తెలుగువాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు కొందరికి సర్‌నేమ్ గడిలో ఉంటుంది, కొందరికి ఆ గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకేచోట ఉంటుంది. ఆన్‌లైన్ వీసాల్లో పైన అచ్చయిన పేరు కాదు, కింద బాణం మొనల్లాంటి గుర్తులతో ఉండే రెండు వరుసల్ని చూసి రాయాలి. సరిహద్దులో యంత్రం చదివేది ఆ వరుసల్నే. ఒక్క అక్షరం తేడా ఉన్నా కౌంటర్‌లో పక్కకి నిలబెడతారు.

వియత్నాం ఈ-వీసాలో ఇంకో మెలిక ఉంది. ఏ గేటు గుండా లోపలికి వస్తారో దరఖాస్తులోనే ఎంచుకోవాలి. దేశంలోని సరిహద్దు గేట్లన్నీ ఆ జాబితాలో ఉండవు, కాబట్టి ముందు గేటు చూసుకుని తర్వాత బస్సు చూసుకోవాలి. ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, 90 రోజుల దాకా ఇస్తారు. ప్రభుత్వ సైటు చిరునామా డాట్ గవ్ డాట్ వీఎన్ అని ముగుస్తుంది. అచ్చం దానిలాగే కనబడే ప్రైవేటు సైట్లు వెతగ్గానే పైన వస్తాయి. అలాంటి ఒకదానికి మేమూ ఎక్కువ డబ్బు సమర్పించుకున్నాం, పేరెందుకులెండి.

డబ్బు సంగతుల్లో రిటైరైన బ్యాంకు బాబాయిగారి మాట అక్షరాలా పనికొచ్చింది. చాలా దేశాలకి విదేశీ నోట్ల రూపంలో ఒక మనిషి 3,000 డాలర్లకి మించి తీసుకెళ్లకూడదు, మిగతాది కార్డులోనే. ఒక వీసా, ఒక మాస్టర్‌కార్డ్, రెండూ వేర్వేరు సంచుల్లో ఉండాలి. ఏటీఎం తెర మీద "మీ రూపాయల్లో తియ్యమంటారా" అని అడిగితే వద్దనాలి. ఒప్పుకుంటే మారకం రేటు ఆ మిషన్ వాళ్ల ఇష్టం అయిపోతుంది. డాలర్ నోట్లు మడత లేనివి, గీతలు లేనివి, నీలం పట్టీ ఉన్న కొత్త వంద నోట్లయితే మేలు. మధ్య ఆసియాలో పెన్ను గీత పడ్డ నోటుని అటూ ఇటూ తిప్పి వెనక్కిచ్చేస్తారు. వియత్నాంలో ఇరవై వేల డాంగ్ నోటూ నీలమే, అయిదు లక్షలదీ నీలమే. సాయంత్రం వెలుతురులో రెండూ ఒకటే అనిపిస్తాయి, విలువలో పాతిక రెట్లు తేడా. అయిదు లక్షల నోట్లని వేరే జేబులో పెట్టడం తప్ప మందు లేదు.

మందులంటే గుర్తొచ్చింది, మెడికల్ షాపు అక్కగారికి కూడా. ట్రమడాల్, కోడీన్ కలిసిన మాత్రలు, నిద్రమాత్రలు మధ్య ఆసియా దేశాల్లో కస్టమ్స్ వాళ్లు పట్టించుకునే సరుకు. డాక్టరు చీటీ లేకుండా ఒక్క మాత్ర కూడా పెట్టనివ్వలేదావిడ. వంట సామాను మూటలోంచి గసగసాలు కూడా తీయించేశారు. సింగపూర్‌లో వాటిని మత్తుమందుల చట్టం కింద చూస్తారు, మసాలా పొడిలో కలిసినా చిక్కే. ఇంకోటి: లావోస్‌లో కొత్త రైలు, చైనాలో ఏ రైలైనా, స్టేషన్‌లో సామాను తనిఖీ చేస్తారు. మామిడికాయ కోసుకునే కత్తి, పెద్ద స్ప్రే డబ్బా అక్కడే ఉండిపోతాయి. ఆవకాయ సీసాని ఎవరూ ఏమీ అనలేదు.

మలేషియాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకి పేరుపేరునా. బర్మాలో, మలయాలో తెలుగువాళ్లని ఒకప్పుడు కోరంగీలనేవారు. అది తాళ్లరేవు పక్కనున్న మన కోరంగి రేవు పేరే. ఆ మాట అక్కడి పెద్దవాళ్ల నోట విని మనవాళ్ల ఊరెక్కడని అడిగితే ఆ పూట భోజనం వాళ్లింట్లోనే. వాళ్లు చెప్పిన జాగ్రత్త: పడంగ్ బెసార్ స్టేషన్‌లో మలేషియా, థాయ్‌లాండ్ ఇమిగ్రేషన్ కౌంటర్లు ఒకే కప్పు కింద ఉంటాయి కానీ గడియారాలు ఒకటి కావు. థాయ్ సమయం గంట వెనక. థాయ్ రైలు టిక్కెట్టు మీది టైము థాయ్ గడియారానిది. దీన్ని తిరగేసి చదివిన జంటలు అక్కడ గంటల తరబడి బెంచీల మీద కూర్చుని కనబడతారు. రెండు దేశాలకీ వచ్చే మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్ రాక కార్డు నింపొచ్చు, అది ఉచితం. డబ్బడిగితే సైటు తప్పని అర్థం.

గడియారాల గొడవ ఇక్కడితో ఆగదు. చైనా అంతా బీజింగ్ సమయమే, కానీ షింజియాంగ్‌లో స్థానికులు రెండు గంటలు వెనక్కి పెట్టుకుంటారు. ఖోర్గోస్ దాటి కజకిస్తాన్‌లోకి వస్తే ఒక్కసారిగా మూడు గంటలు వెనక్కి, ఎందుకంటే 2024 మార్చి నుంచి కజకిస్తాన్ అంతా ఒకే సమయం. అక్కణ్నుంచి పడమరకి బిష్కెక్ వెళ్తే గంట ముందుకి! బస్సు టైము అడిగినప్పుడల్లా "ఎవరి టైము?" అని కూడా అడగాలి.

ఇప్పుడు వియత్నాం. కోనసీమ మనుషులకి మెకాంగ్ డెల్టా నచ్చడంలో వింతేముందంటారా? వాళ్లు ఆ నదిని తొమ్మిది డ్రాగన్లంటారు, మనవి ఏడు పాయలు. అరటి, కొబ్బరి, కాలువ, రేవు, పంటు, అన్నీ ఉన్నాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రపు ఉప్పునీరు పైకి ఎగదన్నుకొస్తుందని వాళ్ల రైతులూ తలపట్టుకుంటారు. కాన్ తో అనే ఊరి దగ్గర కై రాంగ్ పడవల సంతకి తెల్లారి అయిదింటికల్లా నీళ్ల మీద ఉండాలి, ఎనిమిదయితే అమ్మేవాళ్లకన్నా ఫొటోలు తీసేవాళ్లే ఎక్కువ. ఏ పడవలో ఏముందో అరవక్కర్లేదు, పొడుగాటి వెదురుగడ కొసకి ఆ కాయో పండో కట్టి నిలబెడతారు. కొబ్బరి ఊళ్లకి బెన్ ట్రే వెళ్లాలి. 2025 జులైలో ఆ ప్రావిన్సుని విన్ లాంగ్‌లో కలిపేశారు, కాబట్టి పటంలో ఒక పేరు, బస్సు మీద ఇంకో పేరు కనబడితే కంగారు పడొద్దు. కొబ్బరిపాల మిఠాయికి అంటుకున్న పల్చటి కాగితాన్ని ఒలవకండి, అది బియ్యపు రేకే.

ఆ బియ్యపు రేకు దగ్గర కాస్త ఆగాలి. ఆత్రేయపురంలో పూతరేకుకి బియ్యప్పిండిని పాలలా పల్చగా కలిపి, బోర్లించిన కుండ కింద మంట పెట్టి, తడిపిన గుడ్డని కుండ మీద ఒక్క లాగు లాగుతారు. రెప్పపాటులో రేకు లేస్తుంది. వియత్నాం వాళ్లు మరిగే నీళ్ల కుండ మూతికి గుడ్డ బిగించి, దాని మీద గరిటెడు పిండి పరిచి, మూతపెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. వెదురు బద్దతో లేపి తడికల మీద ఎండబెడతారు. మనది మంట మీద పుట్టినది కాబట్టి తడి తగిలితే కరిగిపోతుంది. వాళ్లది ఆవిరి మీద ఉడికినది, తడి తగిలితేనే మెత్తబడి చుట్టడానికి వస్తుంది. శాకాహారులు అక్కడ "చాయ్" అన్న మాట పట్టుకోవాలి. టీ కాదండోయ్, మాంసం లేనిదని అర్థం. ఆ బోర్డు లేని చోట కూర ఆకులదే అయినా చేపల సాసు పడి ఉంటుంది.

బిష్కెక్‌లో వైద్యం చదువుతున్న మన పిల్లలకి ఎంత చెప్పినా తక్కువే. టూజీఐఎస్ యాప్‌లో ఊరి పటాన్ని ముందే దించుకోమని, మర్‌ష్రుట్కా అనే చిన్న వ్యాన్లలో నంబరు చూసి ఎక్కమని నేర్పింది వాళ్లే. సోంగ్ కుల్ సరస్సు 3,016 మీటర్ల ఎత్తున ఉంది. పది మీటర్ల ఎత్తు కూడా లేని ఊళ్ల వాళ్లం ఒక్క ఊపులో ఎక్కితే తలనొప్పి, వాంతులు ఖాయం. దారిలో కొచ్కోర్ అనే ఊళ్లో ఒక రాత్రి ఆగాలి, ఎత్తు మందు వాడాలంటే ఇంటి దగ్గరే డాక్టర్ని అడగాలి, సల్ఫా పడనివాళ్లు తప్పకుండా చెప్పాలి. పైన గుడారాలు జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. వేసవిలోనూ రాత్రి చలి గడ్డకట్టించేస్తుంది. కిర్గిజ్‌స్తాన్‌కి ఒకరు 9, ఇంకొకరు 5 వేసింది అక్కడే. ఎవరికి ఎంత అని అడక్కండి.

ఉజ్బెకిస్తాన్‌లో తాష్కెంట్ నుంచి సమర్కండ్‌కి అఫ్రోసియాబ్ రైలు రెండు గంటల పైచిలుకు. టిక్కెట్లు త్వరగా అయిపోతాయి, అమ్మకం తెరిచిన వెంటనే కొనుక్కోవాలి. సమర్కండ్‌లోని రెగిస్తాన్ చౌకులో ఉలుగ్ బేగ్ మదర్సా 1420 నాటికి పూర్తయింది, ఎదురుగా ఉన్న షేర్ దోర్ దానికి రెండొందల ఏళ్ల తర్వాతది. ఉదయం ఒకసారి, దీపాలు వెలిగాక ఒకసారి చూడండి. ప్లోవ్ అనే మాంసపు పులావు మధ్యాహ్నపు తిండి, ఒంటిగంట దాటితే కడాయి అడుగు కనిపిస్తుంది. కిలో బియ్యానికి కిలో క్యారెట్, కిలో మాంసం. బియ్యం పైన పరిచాక వడ్డించేదాకా గరిటె పెట్టరు. నూనె మాత్రం దండిగా ఉంటుంది. మొదటి రోజు సగం ప్లేటుతో ఆగినవాళ్లే రెండో రోజు తిరగగలరు.

చైనాకి దారి గడిలో ఇద్దరం పదికి పది వేశాం. పాస్‌పోర్టే టిక్కెట్టు, ఆటోమేటిక్ గేటు దాన్ని చదవకపోతే మనిషి ఉన్న గేటుకి వెళ్లాలి. అలీపే అనే చెల్లింపుల యాప్‌లో కార్డు కలపడం సరిహద్దు దాటకముందే అయిపోవాలి. బయటి దేశపు రోమింగ్ సిమ్ అయితేనే వాట్సాప్ తెరుచుకుంటుంది. తిండి గడిలో ఒకరికి నాలుగే, అందుకని కింద పడింది. థాయ్‌లాండ్ హాయి, కానీ ముందు తెలియనిదేమీ లేదు. లావోస్‌లో జిగురన్నం ఇద్దరికీ నచ్చింది, రోడ్లు ఎవరికీ నచ్చలేదు.

సింగపూర్, మలేషియాలకి సరిపోయే మూడు పలకల ప్లగ్గు అడాప్టర్లు రెండు, మాస్టారి గళ్ల జిరాక్స్ కాపీ, జిరాక్స్ షాపులో ఇచ్చేశాం. కాసిని కిర్గిజ్ సోమ్‌లు కూడా మిగిలాయి, ఇక్కడ మార్చేవాళ్లెవరూ లేరు. బిష్కెక్ చదువుకి వెళ్తున్న పిల్లలుంటే అడిగి పట్టుకెళ్లండి, దిగిన రోజు చిల్లర ఖర్చులకి పనికొస్తాయి.