మానేశాకే మంచం ఇస్తామనడం ప్రమాదకరం

సంపాదకులకు,

నిలువ నీడ లేనివారికి రాత్రి ఆశ్రయం ఇచ్చే చాలాచోట్ల మొదటి షరతు "తాగుడు మానేసి రండి". ఇది మంచి మాటలా వినిపిస్తుంది కానీ ప్రాణాల మీదికి తెస్తుంది. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 48 గంటల్లో మూర్ఛలు రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి ఒళ్లంతా వణుకు, జ్వరం, లేనివి కనిపించడం మొదలవుతాయి. ఆ దశలో వైద్యం అందకపోతే మనిషి దక్కకపోవచ్చు. డయాజెపామ్ వంటి మందును డాక్టరు పర్యవేక్షణలో కొద్ది రోజుల పాటు తగ్గించుకుంటూ ఇస్తే ఈ గండం చాలావరకు గట్టెక్కుతుంది. సరైన తిండి లేనివారికి గ్లూకోజు ఎక్కించే ముందే థయమిన్, అంటే బి1 విటమిన్, ఇంజెక్షన్ ఇవ్వాలి. అది మరిస్తే మెదడు దెబ్బతిని జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది.

మద్యం వాసన వచ్చిందని పడిపోయిన మనిషిని వదిలేయడం మరో ఘోరం. తలకు దెబ్బ తగిలినా, రక్తంలో చక్కెర పడిపోయినా మాట అలాగే తడబడుతుంది. గట్టిగా తట్టినా లేవకపోయినా, శ్వాస నిమిషానికి 8 సార్ల కంటే తగ్గినా వెంటనే అంబులెన్సును పిలవాలి. ఈలోగా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, వెల్లకిలా ఉంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోట్లో ఏమీ పోయకూడదు.

మంచం లేకపోతే మిగతా జబ్బుల వైద్యమూ సాగదు. ఉదాహరణకు క్షయ మందులు నెలల తరబడి వాడాలి. పేవ్‌మెంటు మీద అవి తడుస్తాయి, పోతాయి. ఆశ్రయ కేంద్రాలు ముందు మంచం, మందులకో తాళం పెట్టె ఇవ్వాలి. తాగుడు మాన్పించే వైద్యం ఆ మంచం దగ్గరే మొదలుపెట్టాలి.

— కొందరు ఆరోగ్య కార్యకర్తలు