పునాది తవ్వకముందే మా మాట వినండి

మునిసిపల్ కమిషనర్ గారికి నమస్కారం.

మా వీధిలో పాత పెంకుటిల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కడుతున్నారు. ఆ సంగతి మాకు తెలిసింది జేసీబీ వచ్చిన రోజు ఉదయమే. సెల్లార్ కోసం తవ్విన గొయ్యి పక్కింటి ప్రహరీకి మూరెడు దూరంలో ఉంది. ఆ ఇంటి పెద్దావిడ గోడ పగులు చివర పెన్సిల్‌తో గీత గీసుకుని, వాన పడ్డ ప్రతిసారీ పొద్దున్నే లేచి అది గీత దాటిందేమోనని చూసుకుంటున్నారు.

తెలంగాణలో భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 టీఎస్‌ బీపాస్‌ చట్టం వచ్చాక పెద్ద భవనాలకైనా 21 రోజుల్లో అనుమతి ఇవ్వాలి. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గింది, మంచిదే. కానీ మా వీధిలో ఏ ఇంటికీ ఒక్క కాగితం రాలేదు. అమెరికాలోని సియాటెల్ 1994లోనే, పూర్తి ప్లాను గీయకముందే ఇరుగుపొరుగు మాట వినే పద్ధతి పెట్టింది. ఆ దశలో మార్పులు తేలిక. స్లాబ్ పడ్డాక మాకు మిగిలేది కోర్టే.

కట్టొద్దనడం లేదండీ. దరఖాస్తు రాగానే స్థలం ముందు తెలుగులో బోర్డు పెట్టించండి: ఎన్ని అంతస్తులు, సెల్లార్ ఎంత లోతు, డ్రైనేజీ ఎటు. వార్డు ఆఫీసులో ఒక సాయంత్రం మమ్మల్ని పిలవండి. మురుగు ఏ మలుపులో పొంగుతుందో ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇట్లు,
ఆ వీధిలోనే ఉండే ఒక గృహిణి