యాసంగి వరికి అడుగు పొడవు పైపు ముక్క

సంపాదకులకు,

యాసంగి దగ్గర పడగానే "వరి వద్దు, ఆరుతడి పంటలు వేయండి" అన్న సలహా ఊరూరా వినిపిస్తుంది. బోర్లు ఎండిపోయే చోట అది సబబే. కానీ చెరువు కింద, కాలువ కింద ఊట పట్టే మడుల్లో వేరుశనగో శనగో వేస్తే కుళ్లిపోతుంది. అక్కడి రైతు వరే వేస్తాడు. ఆయనకు చెప్పాల్సింది వరి మానమని కాదు, వరికి నీళ్లు ఎప్పుడు పెట్టాలో.

ఎకరం మడిలో 5 సెంటీమీటర్ల నీరు నిలపాలంటే 2 లక్షల లీటర్లు కావాలి. గంటకు 20 వేల లీటర్లు పోసే బోరు పది గంటలు ఆడితే గానీ ఆ ఒక్క తడి పూర్తికాదు. పైన నీళ్లు ఇంకిపోయినంత మాత్రాన వేళ్లకు తడి అందడం లేదని కాదు. ఆ సంగతి పైకి కనిపించదు కాబట్టే రైతు భయపడి మళ్లీ మోటారు వేస్తాడు. ఆ భయం తీర్చేది ఒక పైపు ముక్క. మడిలో పాతితే నేల కింద నీరు ఎంత లోతున ఉందో అందులో కనిపిస్తుంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది.

4 నుంచి 6 అంగుళాల పీవీసీ పైపును 30 సెంటీమీటర్ల పొడవున కోయాలి. కింది 20 సెంటీమీటర్ల మేర చుట్టూ 5 మిల్లీమీటర్ల రంధ్రాలు, రెండేసి సెంటీమీటర్ల ఎడంతో వేయాలి. ఆ భాగం భూమిలోకి దిగేలా పాతి, లోపలి బురదంతా చేత్తో తోడేయాలి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. బురద తీయకపోతే లోపల నీటిమట్టం కనిపించదు. మడిలో నీళ్లుండగా పైపు లోపలా బయటా మట్టం ఒకటిగా లేదంటే రంధ్రాలు పూడినట్టే, తీసి కడిగి మళ్లీ పాతాలి. గట్టుకు దగ్గరలోనే, కానీ ఒక మీటరు ఎడంగా ఉంచాలి. మెరక మీదా గుంటలోనూ పెట్టకూడదు. మడి చదునుగా లేకపోతే పైపు చెప్పేది ఆ ఒక్క చోటి సంగతే అవుతుంది కాబట్టి దమ్ములోనే చదును సరిగ్గా చేసుకోవాలి.

నాటిన రెండు వారాల దాకా పలుచగా నీరు నిలపాలి, లేకుంటే కలుపు మీద పడుతుంది. కలుపు ఎక్కువుంటే మూడో వారం దాకా ఆగాలి. తర్వాత పైపులో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మళ్లీ 5 సెంటీమీటర్లు పెట్టాలి. పూతకు వారం ముందు నుంచి పూత అయిన వారం దాకా మాత్రం ఆరబెట్టనే కూడదు. యాసంగి ఆలస్యమైతే పూత ఎండలకు చిక్కుతుంది. పూలు విచ్చుకునే వేళ వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని తాలు పెరుగుతుంది, దానికి నీటి ఎద్దడి కూడా తోడైతే చెప్పేదేముంది!

యూరియా సంగతి మరీ ముఖ్యం. ఆరిన మడిలో చల్లి వెంటనే నీళ్లు పెట్టాలి. చల్లాక రోజుల తరబడి ఆరనిచ్చి అప్పుడు ముంచితే, నైట్రేట్‌గా మారిన నత్రజని వాయువై గాలిలో కలిసిపోతుంది.

దిగుబడి తగ్గుతుందా అన్నది రైతు మొదట అడిగే ప్రశ్న. 56 అధ్యయనాల్లోని 528 పోలికలను కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణ ప్రకారం, 15 సెంటీమీటర్ల హద్దు దాటని చోట దిగుబడిలో చెప్పుకోదగ్గ తేడా లేదు, నీరు 23 శాతం ఆదా అయింది. హద్దు దాటి ఎండబెట్టిన చోట దిగుబడి 22 శాతానికి పైగా పడిపోయింది. అంటే అంచనా మీద ఆరబెట్టడం ప్రమాదం, కొలిచి ఆరబెట్టడం క్షేమం. పైగా మడికి గాలి తగిలితే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు విడుదల సుమారు సగానికి పడిపోతుంది. అలాంటిదే అయిన నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరిగినా మొత్తం మీద లాభమే.

అన్ని నేలలకూ ఇది కుదరదు. చౌడు నేలల్లో ఆరితే ఉప్పు పైకి తేలుతుంది, అక్కడ వద్దు. నల్లరేగడిలో 15 సెంటీమీటర్ల కోసం ఎదురుచూడకుండా సన్నని నెర్రె కనపడగానే తడి ఇవ్వాలి. నెర్రెలు పెద్దవైతే పెట్టిన నీరంతా వాటిలోంచే దిగిపోతుంది. ఇసుక పాలెక్కువున్న చల్కా నేలల్లో నీరు త్వరగా ఇంకుతుంది కాబట్టి ఆదా తక్కువే.

పైపు ఉన్నా ఆటో స్టార్టర్ ఉంటే ఫలితం సున్నా. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆడుతుంది, మడి ఆరే ప్రసక్తే ఉండదు. ఇక కాలువ కింద రైతు చేతిలో మోటారైనా లేదు. మళ్లీ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియనప్పుడు వచ్చినన్ని నిలుపుకోవడం ఆయన తప్పు కాదు. వారబందీ (వంతులవారీగా కాలువ నీళ్లు వదిలే పద్ధతి) తేదీలను నాట్లకు ముందే ప్రకటించి, ఆ తేదీకే నీళ్లు వదిలితేనే ఆయన మడిని ఆరనిస్తాడు.

వ్యవసాయ శాఖ నార్లు పోసేలోపు ప్రతి రైతు వేదికకూ రంధ్రాలు వేసిన పైపులు పంపాలి. వ్యవసాయ విస్తరణాధికారులు (ఏఈఓలు) ఊరికి రెండు మడుల్లోనైనా స్వయంగా పాతి, పూత దాకా వారానికోసారి రైతులతో కలిసి మట్టం చూడాలి. నీటిపారుదల శాఖ వారబందీ తేదీలను పంచాయతీ గోడ మీద రాయించాలి.

- ఒక విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి, సూర్యాపేట