పౌరసత్వ వార్తల్లో థాడియస్ స్టీవెన్స్ పేరూ ఉండాలి

సంపాదకుడికి నమస్కారం.

తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకు అమెరికాలో పుట్టే పిల్లలకు పౌరసత్వం ఇవ్వొద్దని 2025 జనవరి 20న అక్కడి అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చినప్పటి నుంచి ఆ వార్త ఏది వచ్చినా వదలకుండా చదువుతున్నాను. మా అబ్బాయి, కోడలు హెచ్‌-1బీ వీసా మీద అక్కడే ఉన్నారు. అప్పటికి కోడలికి ఆరో నెల. ఇంటిల్లిపాదీ ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను. కోర్టులు ఆపబట్టి మా మనవరాలికి పాస్‌పోర్టు వచ్చింది.

ఆ వార్తల్లో అమెరికా రాజ్యాంగానికి చేసిన 14వ సవరణ అన్న మాట ఉంటుంది. అది ఎవరి కోసం వచ్చిందో మాత్రం ఉండదు. నల్లజాతి వాళ్లు అమెరికా పౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంతర్యుద్ధం ముగిశాక దాన్ని చెరిపేస్తూ 1866లో అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ ఈ సవరణను ఆమోదించింది. అక్కడ పుట్టినవాళ్లు పౌరులేనన్న వాక్యాన్ని సెనేట్‌లో జేకబ్ హోవర్డ్ పెట్టించారు. ప్రతినిధుల సభలో సవరణను ముందుండి నడిపింది పెన్సిల్వేనియా సభ్యుడు థాడియస్ స్టీవెన్స్.

స్టీవెన్స్ 1792లో వెర్మాంట్‌లో పుట్టారు. పుట్టుకతోనే ఒక పాదం వంకర. తండ్రి ఇల్లు వదిలిపోతే తల్లే కష్టపడి నలుగురు కొడుకుల్ని పెంచింది. ఆయన లాయరై పెన్సిల్వేనియాలో స్థిరపడ్డారు. పిల్లలందరికీ పన్నుల డబ్బుతో చదువు చెప్పాలని ఆ రాష్ట్రం 1834లో చట్టం చేసింది. పక్కవాడి పిల్లల చదువుకు మేమెందుకు పన్ను కట్టాలని జనం ఎదురు తిరిగారు. మరుసటి ఏడాది ఆ రాష్ట్ర సెనేట్ చట్టం రద్దుకు ఒప్పుకుంది, దిగువ సభ కూడా అదే దారిలో ఉంది. స్టీవెన్స్ లేచి మాట్లాడాక సభ మనసు మారింది, చట్టం నిలిచింది. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినవాణ్ని, ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

నల్లవాళ్ల ఓటు తీసేస్తున్నారని 1838లో తన రాష్ట్ర కొత్త రాజ్యాంగంపై సంతకం పెట్టనన్నారు. పెద్ద తోటల యజమానుల భూములు తీసుకుని, విడుదలైన బానిస కుటుంబాలకు 40 ఎకరాల చొప్పున పంచాలన్నారు. అది జరగలేదు. 14వ సవరణ కూడా ఆయన కోరినంత గట్టిగా రాలేదు. అయినా ఎందుకు ఒప్పుకున్నానంటే, నేను బతుకుతున్నది మనుషుల మధ్య, దేవదూతల మధ్య కాదు కనుక అని సభలోనే చెప్పారు.

1868 జులైలో సవరణ అమల్లోకి వచ్చింది. ఆగస్టు 11న ఆయన కన్నుమూశారు. తన ఊరు లాంకాస్టర్‌లోని మిగతా శ్మశానాలు జాతిని బట్టి మనుషుల్ని వేరు చేస్తున్నాయని, అందరినీ రానిచ్చే చిన్న శ్మశానాన్ని తన సమాధికి ముందే ఎంచుకున్నారు. ఆ కారణాన్ని సమాధి రాయి మీద కూడా చెక్కించుకున్నారు.

ఈసారి పౌరసత్వ వార్త వేసేటప్పుడు పక్కన చిన్న బాక్సులోనైనా ఈ చరిత్ర ఇవ్వండి. కూతురో కోడలో అక్కడ పురిటికి సిద్ధమవుతున్న ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి. వాళ్లంతా మీ పేపరు చదువుతారు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా