ఆ హార్డెనర్ డబ్బా సంగతి చూడండి, మంత్రి గారూ

కేంద్ర రసాయనాలు, ఎరువుల శాఖ మంత్రి గారికి నమస్కారం.

హైదరాబాద్‌లో ఇంటీరియర్ పని జరుగుతున్న ఏ కొత్త ఫ్లాట్‌కైనా ఒకసారి వెళ్లండి. వార్డ్‌రోబ్‌లకి పీయూ (పాలీయూరితేన్ అనే ప్లాస్టిక్ రకం) పాలిష్ కొట్టే కుర్రాడు బేస్‌లో హార్డెనర్ (పూతని గట్టిపరిచే రసాయనం) కలిపి, థిన్నర్ పోసి, స్ప్రే గన్ అందుకుంటాడు. దుమ్ము పడితే ఫినిషింగ్ పాడవుతుందని కిటికీలు మూసేస్తారు. ముఖానికి రుమాలు, అంతే. ఆ హార్డెనర్‌లో ఉండేవి ఐసోసయనేట్లు అనే చురుకైన రసాయనాలు. ఆ తుంపరని రుమాలు ఆపలేదు, ఒకసారి వాటికి అలర్జీ మొదలైతే ఆ తర్వాత కాస్త తగిలినా ఆయాసం వస్తుంది, ఇక ఆ పని మానుకోవాల్సిందే.

1984లో భోపాల్‌లో లీకైన మిథైల్ ఐసోసయనేట్ పురుగుమందు కోసం నిల్వ చేసింది. పాలిష్‌లో వాడేది అది కాదు, అంత సులువుగా ఆవిరయ్యేదీ కాదు. కానీ కుటుంబం ఒకటే, పరిశ్రమలో వీటి తయారీకి మామూలుగా వాడేది ఫాస్జీన్, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు. మన పరుపుల్లో ఫోమ్, ఫ్రిజ్ గోడల్లో ఇన్సులేషన్ కూడా పాలీయూరితేనే, అన్నీ ఈ దారిలో వచ్చినవే.

ఆముదంతో చేసిన పాలీయూరితేన్‌ని 'గ్రీన్' అని అమ్ముతున్నారు. నాకు పాలమూరు, నల్లగొండ ఆముదం రైతులంటే గౌరవమే, కానీ పాలీయూరితేన్ రెండు రసాయనాలు కలిస్తే వచ్చేది; అక్కడ మారింది సగమే, రెండో సగం ఇంకా ఐసోసయనేటే.

పూర్తిగా మార్చే దారి ఉంది. సోయా నూనెని ఎపాక్సీగా (ఆక్సిజన్ చేర్చిన చురుకైన రూపంగా) మార్చడం పరిశ్రమకి కొత్త కాదు, పీవీసీని మెత్తబరచడానికి కలిపేవాటిలో అదీ ఒకటి. దానికి తగిన ఉత్ప్రేరకం (చర్యని వేగపరిచేది) వేసి కార్బన్ డయాక్సైడ్ పట్టిస్తే సైక్లిక్ కార్బోనేట్ అనే పదార్థం వస్తుంది, అందులో అమీన్ (నైట్రోజన్ ఉండే ఒక రకం రసాయనం) కలిపితే పాలీయూరితేన్ రకం పాలిమరే తయారవుతుంది. ఫాస్జీన్ అక్కర్లేదు. అమీన్లలోనూ చర్మాన్ని కాల్చేవి ఉన్నాయి కాబట్టి చూసి ఎంచుకోవాలి. అసలు చిక్కు వేగంతో: గది ఉష్ణోగ్రతలో ఇది నెమ్మదిగా గట్టిపడుతుంది. ఫోమ్ అయితే మరీ కష్టం, ఇప్పుడు పరుపుల ఫోమ్ పొంగేది ముఖ్యంగా ఐసోసయనేట్ నీటితో కలిసినప్పుడు వచ్చే గ్యాస్‌తో. అందుకే ముందు పాలిష్‌లు, పూతలతో మొదలుపెట్టమంటున్నాను.

తార్నాకలో ఐఐసీటీ, పుణేలో ఎన్‌సీఎల్ అనే ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థలు ఉన్నాయి. పేపర్లు రాయడానికి కాదు, మంచి ఉత్ప్రేరకంతో డ్రమ్ముల లెక్కన తయారుచేసి చూపే పైలట్ ప్లాంటుకి డబ్బివ్వండి. ప్రభుత్వ ఫర్నిచర్ టెండర్లలో ఐసోసయనేట్ లేని పూతకి మొదటి అవకాశం ఇవ్వండి.

ఈలోగా రెండు పనులు మాత్రం రేపే చేయొచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 2023 ఆగస్టు 24 నుంచి డైఐసోసయనేట్లు (ఐసోసయనేట్లలో ఒక రకం) 0.1 శాతం మించిన సరుకు వాడే పనివాళ్లకి శిక్షణ తప్పనిసరి. అదే నియమం ఇక్కడా పెట్టండి, హార్డెనర్ డబ్బా మీద హెచ్చరికని తెలుగులో, హిందీలో, పనివాడు చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో వేయించండి.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ లెక్చరర్, హైదరాబాద్