మూసాపేట ఎక్కడో తెలీదా అన్నావట

చిన్నీ,

ఫోన్లో అయితే ఈ మాటలన్నీ వరసగా చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

మీ బాబాయి కొడుకు బొబ్బిలి వచ్చేశాడు. ఇంటర్వ్యూకి టైముకి అందుకోలేకపోయానన్న బాధ కన్నా, నువ్వన్న మాటే వాడికి ఎక్కువ తగిలింది. "మూసాపేట ఎక్కడో కూడా తెలీకుండా హైదరాబాద్ ఎలా వచ్చావురా?" అన్నావట.

ఎలా తెలుస్తుందమ్మా? రాత్రంతా బస్సులో కూర్చుని తెల్లారి ఎల్బీ నగర్‌లో దిగాడు. నువ్వు చెప్పినట్టే మెట్రో ఎక్కాడు. ఫోన్లో చార్జింగ్ అయిపోతోందని స్టేషన్ పేరు అరచేతిలో పెన్నుతో రాసుకున్నాడు. చెమటకి చెరిగిపోయి 'మూసా' వరకే మిగిలింది. మూసారాంబాగ్ అని వినపడగానే దిగిపోయాడు. నీ మూసాపేట అదే లైన్లో ఇంకా 17 స్టేషన్లు అవతల! రోజూ తిరిగే నీకు ఆ రెండు పేర్లకీ పోలికే కనపడదు. మొదటిసారి విన్నవాడికి రెండూ ఒకలాగే ఉంటాయి.

2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు కూడా అయిపోయింది. అయినా ఇక్కడ టీవీ పెడితే పంజాగుట్టలో ట్రాఫిక్, గచ్చిబౌలిలో వాన. వినీ వినీ ఆ పేర్లు మన వీధి పేర్లలా అయిపోయాయి. కానీ ఏది ఎటుందో, దేనికి ఏది దగ్గరో టీవీలో చెప్పరు కదా. పేరు తెలిసినంత మాత్రాన దారి తెలిసినట్టు కాదు. అక్కడివాళ్ళకి ఈ తేడా తట్టడం లేదు, అదే నా బాధ.

నా సంగతే చూడు. లక్డీకాపూల్ అంటే చెక్క వంతెన అని మీ నాన్న చెబితే, బస్సు కిటికీలోంచి ఆ వంతెన కోసమే చూస్తూ కూర్చున్నాను. అత్తాపూర్‌లో పెళ్ళికి వెళ్ళినప్పుడు పెళ్ళివారు ఫోన్లో పిల్లర్ నంబర్ చెప్పి పెట్టేశారు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఒక ఫ్లైఓవర్ ఉందనీ, దాని స్తంభాలకి నంబర్లుంటాయనీ, అక్కడ అడ్రసులు వాటితోనే చెప్పుకుంటారనీ నాకేం తెలుసు? పట్టుచీర కట్టుకుని రోడ్డు మీద అరగంట నిలబడ్డాను. అడగాలంటే సిగ్గేసింది. ఆ సిగ్గు పడాల్సింది నేను కాదని ఇప్పుడనిపిస్తోంది.

బొబ్బిలి అంటే మీ ఆఫీసులో వాళ్ళు వీణలు, యుద్ధం అంటారని నువ్వే చెప్పావు. పార్వతీపురం బొబ్బిలికి ముందొస్తుందా, తర్వాతా అని వాళ్ళని ఎవరైనా నిలదీశారా? మన ఊరు తెలీకపోతే వాళ్ళకి తప్పు కానప్పుడు, వాళ్ళ ఊరు తెలీకపోతే వీడికి తప్పెలా అవుతుంది?

నువ్వెళ్ళిన మొదటి వారం గుర్తుందా? అమీర్‌పేటలో రైలు మారాలి, ఏ అంతస్తుకి ఎక్కాలో తెలీడం లేదని ఏడుస్తూ ఫోన్ చేశావు. ఎవరో పెద్దావిడ నీ చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫామ్ దాకా తీసుకెళ్ళింది. ఆవిడ గురించి ఎన్ని రోజులు చెప్పావో!

వాడు వచ్చే నెల మళ్ళీ వస్తున్నాడు. ముందు నువ్వే వాడికి ఫోన్ చెయ్యి. ఎక్కడ ఎక్కాలో, ఎన్నో స్టేషన్‌లో దిగాలో, ఏ వైపు మెట్లు దిగితే మీ సందు వస్తుందో నిదానంగా చెప్పు. చెప్పిందంతా వాట్సాప్‌లో కూడా పెట్టు. దసరాకి మీ నాన్నా నేనూ వస్తాం, అదే నాకూ పంపించు.

అమ్మ