గొర్రెకు మందు, పిల్లలకు మాత్ర, మరి కుక్కకు?

సంపాదకుడు గారికి,

మా వీధిలో ఒక కుక్క మెట్ల కింద నాలుగు పిల్లల్ని పెట్టింది. నెల తిరిగేసరికి వాటికి కుండల్లా పొట్టలొచ్చాయి. పెరుగన్నం ఒంటికి పడుతోందని మేమంతా మురిసిపోయాం. ఒకరోజు ఒక కూన వాంతి చేసుకుంది. చూస్తే ఉడికిన సేమ్యా ఉండలా ఉంది, కదులుతోంది. పశువుల డాక్టరు దాని పై పెదవి ఎత్తి చిగుళ్లు చూపించారు. తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పేగుల్లో ఏలికపాములతో పాటు కొంకిపురుగులూ చేరాయని, ఆ కొంకిపురుగులే రక్తం తాగేశాయని అన్నారు. నాలుగింట్లో రెండే బతికాయి.

ఏలికపాము పిల్లలు తల్లి ఒంట్లో దాగి ఉండి, కూనలు కడుపులో ఉండగానే వాటికి చేరతాయట. అందుకే కుక్కపిల్లకు రెండో వారంలోనే నట్టల మందు, అంటే కడుపులో పురుగుల మందు, మొదటి డోసు పడాలి. తర్వాత మూడు నెలల వయసు దాకా రెండు వారాలకోసారి. పిల్లి కూనలకు తల్లిపాలలో వస్తాయి కాబట్టి మూడో వారంలో మొదలు. పెద్దవాటికి మూడు నెలలకోసారి వేయించాలి. నిరుడు మా పిల్లికి రేబిస్ టీకా వేయించినప్పుడు ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. వెల్లుల్లి పెడితే పోతాయని పక్కింటావిడ చెప్పింది. అది కుక్కకూ పిల్లికీ విషమని తర్వాత తెలిసింది.

మా అనంతపురం వైపు గొర్రెలెక్కువ. పశుసంవర్ధక శాఖ వాళ్లు ఊళ్లలో గొర్రెలకు, మేకలకు నట్టల మందు తాగిస్తారు. బడి పిల్లలకు ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఆల్బెండజోల్ అనే నట్టల మాత్ర ఇస్తారు. ఈ ఇద్దరి మధ్యా తిరిగే కుక్క మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. ఆదివారం పొద్దున మటన్ కొట్ల దగ్గర కాసేపు నిలబడండి. నీటితిత్తులున్న కాలేయం ముక్క పనికిరాదని విసిరేస్తారు, కుక్క గాల్లోనే అందుకుంటుంది. ఆ తిత్తిలోని పిల్లపురుగులు దాని పేగులో బియ్యపుగింజంత కూడా ఉండని బద్దెపురుగులవుతాయి. వాటి గుడ్లు కుక్క మలంతో బయటపడి, మేతతో గొర్రె కడుపులోకి, కడగని ఆకుకూరతోనో చేతులతోనో మన కడుపులోకి పోతాయి. మనిషి కాలేయంలో ఆ తిత్తి ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరిగి, చివరికి ఆపరేషన్ దాకా తెస్తుంది. గొర్రెకు తాగించే నట్టల మందు తిత్తిని కరిగించదు. కుక్కకు బద్దెపురుగులను చంపే ప్రాజిక్వాంటెల్ మందు వేయాలి, కొట్టు దగ్గర వ్యర్థాలు దాని నోటికి అందకూడదు.

వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, నట్టల మందు, టీకా వేసి పట్టిన చోటే వదలాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది. మంచిదే. కానీ మందు ఆ పూట కడుపులో ఉన్న పురుగులనే చంపుతుంది. వారం తిరగకుండా అదే కుక్క అదే కొట్టు ముందు ఉంటుంది.

మునిసిపాలిటీ వాళ్లు మటన్ కొట్లకు మూత ఉన్న డ్రమ్ములు పెట్టించి, వ్యర్థాలు రోజూ తీయించాలి. ఏటా జూలై 6న జరిగే ఉచిత రేబిస్ టీకా శిబిరాల్లో కుక్కనూ పిల్లినీ తూకం వేసి, బరువుకు తగ్గ నట్టల మాత్ర కూడా ఇవ్వాలి. టీకా కార్డు మీద తర్వాతి డోసు తేదీ రాసిస్తే ఇంకా మేలు.

బతికిన రెండు కూనలకూ వీధివాళ్లమే చందాలు వేసుకుని మందు వేయిస్తున్నాం. తల్లికి మాత్రం ఇంతవరకు వేయలేకపోయాం. అది మా చేతికి చిక్కడం లేదు, మళ్లీ కడుపుతో ఉంది.

— ఒక పాఠకురాలు, అనంతపురం